కుక్క చంపితే కేసెవరి మీద?

పెంపుడు జంతువు వన్యప్రాణిని చంపితే దాని యజమాని మీద కేసు పెట్టవచ్చా అన్న ప్రశ్నకు భారతదేశంలో ఏ ఒక్క సెక్షన్‌లోనూ పూర్తి జవాబు దొరకదు. ‘నీ కుక్క అడవి జంతువును చంపితే నీకు ఇంత శిక్ష’ అని నేరుగా చెప్పే మాట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో లేదు. అలాగని యజమానికి పూచీ లేదని కూడా ఆ చట్టం ఎక్కడా అనలేదు. కుక్కను ఎవరైనా ఉసిగొల్పారా, సంఘటన ఎక్కడ జరిగింది, చచ్చింది ఏ జంతువు, చచ్చాక దాన్ని ఏం చేశారు అన్నవాటిని బట్టి లెక్క మారుతుంది. అదే కుక్క చేసిన అదే పని ఒకచోట ఎవరి నేరమూ కాకుండా పోతుంది, ఇంకోచోట మూడేళ్లకు తగ్గని జైలుశిక్ష దాకా వెళ్తుంది.

కృష్ణా నది పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలి సముద్రంలో కలిసేలోపు ఏర్పడ్డ దివిసీమలో ఇది కాగితం మీద ఉండిపోయే ప్రశ్న కాదు. నాగాయలంక, కోడూరు మండలాల చివర ఊళ్లూ, రొయ్యల చెరువులూ, మడ అడవులూ ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. సొర్లగొంది, నాచుగుంట, ఎలిచెట్లదిబ్బ రిజర్వు అడవులనూ, నది అవతల ఒకప్పటి గుంటూరు జిల్లా వైపున్న మడ అడవులనూ కలిపి 1989లో కృష్ణా అభయారణ్యంగా ప్రకటించారు. దీని విస్తీర్ణం 194 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. నీళ్లలోకి దిగి చేపలు పట్టే బావురుపిల్లికి ఆంధ్ర తీరంలో మిగిలిన మంచి ఆవాసాల్లో ఇదొకటి. నీటికుక్కలు, నక్కలు, ఉడుములు కూడా ఇక్కడే బతుకుతాయి. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇసుక తిన్నెలెక్కి గుడ్లు పెడతాయి. ఒక్కో తల్లి వంద పైగా గుడ్లు పెట్టి, ఇసుకతో కప్పి, సముద్రంలోకి వెళ్లిపోతుంది. పిల్లలు బయటికి రావడానికి నలభై అయిదు నుంచి అరవై రోజులు పడుతుంది. అన్నాళ్లూ ఆ గుడ్లకు కాపలా ఉండేది పైనున్న జానెడు ఇసుకే. నక్కా, కుక్కా దాన్ని వాసన పట్టి తవ్వేస్తాయి. అటవీశాఖ ఏటా గుడ్లను ఏరి, వలకంచె కట్టిన సంరక్షణ కేంద్రాల్లో పాతిపెట్టడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

గుడివాడ వైపు అడవి లేదు. నందివాడ, ముదినేపల్లి ప్రాంతాల్లో కనుచూపు మేరా చేపల చెరువులే. అవి దాటితే కొల్లేరు. 308 చదరపు కిలోమీటర్ల కొల్లేరును 1999లో అభయారణ్యం చేశారు, 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేర్చారు. అటపాకలో పెలికాన్లు గూళ్లు కట్టుకునేది దాని అంచునే. బందరు పక్కన మంగినపూడి తీరం జనం తిరిగే చోటే అయినా, అదీ తాబేళ్ల సముద్రమే. డెల్టాలో చెరువు గట్టు మీద కాపలా పాక, పాక ముందు రెండు మూడు కుక్కలు మామూలు దృశ్యం. చెరువులో చేప కోసం రాత్రి గట్టెక్కే బావురుపిల్లికైనా, నీటికుక్కకైనా ముందు ఎదురయ్యేది ఈ కుక్కలే.

కుక్కల వల్ల వన్యప్రాణులకు ఎంత నష్టమన్నది మన దేశంలో చాలాకాలం ఎవరూ లెక్కపెట్టలేదు. 2017లో వెలువడిన ఒక పరిశోధన దేశవ్యాప్త సర్వేతో, పత్రికా వార్తలతో ఆ పని మొదలుపెట్టింది. కుక్కలు 80 జాతుల వన్యప్రాణుల మీద దాడి చేసినట్టు అందులో తేలింది. వాటిలో 31 జాతులు అంతరించే ప్రమాదం ఉన్నవి. దాడుల్లో దాదాపు సగం రక్షిత ప్రాంతాల్లోనో, వాటి చుట్టుపక్కలో జరిగినవే. పిల్లుల లెక్క ఇంకా పెద్దది. ప్రపంచం మొత్తం మీద 63 జాతుల పక్షులు, క్షీరదాలు, సరీసృపాలు అంతరించడంలో పిల్లుల పాత్ర ఉందని శాస్త్రవేత్తలు తేల్చారు. ఇంట్లో పాలు తాగి నిద్రపోయే పిల్లి పేరు ఈ జాబితాలో చూసి నమ్మలేనివారు తెల్లవారుజామున పెరట్లో రాలిన ఈకలు గమనిస్తే చాలు.

ఇక చట్టం. వన్యప్రాణి సంరక్షణ చట్టం కోసం మొదట తీర్మానం చేసి కేంద్రాన్ని అడిగిన పదకొండు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ చట్టాన్ని 2022లో పెద్ద ఎత్తున సవరించారు, సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు ‘వన్యప్రాణి’ అంటే మొదటి, రెండో షెడ్యూళ్లలో పేరుండి, ప్రకృతిలో స్వేచ్ఛగా బతికే జంతువు. జంతువు అన్న మాటలో దాని పిల్లలు, గుడ్లు కూడా కలిసే ఉన్నాయి. బావురుపిల్లి, ఆలివ్ రిడ్లే తాబేలు, ఉడుము ముందునుంచీ మొదటి షెడ్యూల్‌లో ఉన్నవే. 2022 సవరణతో నక్క, నీటికుక్క కూడా ఆ షెడ్యూల్‌లోకి ఎక్కాయి. దివిసీమ రైతు రోజూ చూసే నక్కకు ఇవాళ చట్టంలో పులితో సమానమైన షెడ్యూల్ ఉందని ఊళ్లో చాలామందికి తెలియదు.

తొమ్మిదో సెక్షన్ ఈ జంతువుల వేటను నిషేధించింది. ‘వేట’ అంటే తుపాకీ పేల్చడమో ఉచ్చు పన్నడమో మాత్రమే కాదు. చంపడం, విషం పెట్టడం, పట్టుకోవడం, కుక్కలతో తరమడం, ఎర వేయడం, గాయపరచడం, పక్షుల గుడ్లనూ సరీసృపాల గుడ్లనూ పాడుచేయడం, వాటి గూళ్లను కదిలించడం, వీటిలో దేనికైనా ప్రయత్నించడం, అన్నీ ఆ నిర్వచనంలో ఉన్నాయి. కాబట్టి ఉద్దేశపూర్వకంగా కుక్కను ‘ఉస్కో’ అని వదిలిన మనిషి విషయంలో న్యాయపరమైన చిక్కు ఏమీ లేదు. గొడ్డలి పట్టినవాడు నరికినట్టే, కుక్కను వదిలినవాడు వేటాడినట్టే. జంతువు చావకపోయినా, గాయపడి పారిపోయినా నేరం పూర్తయినట్టే. ప్రయత్నించినవారినీ, ప్రోత్సహించినవారినీ అసలు నేరస్థులతో సమానంగా చూడమని 52వ సెక్షన్ చెబుతుంది. అందువల్ల పక్కింటి కుక్కను అరువు తెచ్చి వేటకు తీసుకెళ్లినవాడితో పాటు, తెలిసి కుక్కను ఇచ్చిన యజమాని కూడా ఇరుక్కుంటాడు. వేటకు వాడిన కుక్కలను అటవీ సిబ్బంది స్వాధీనం చేసుకున్న సందర్భాలు దేశంలో పలుచోట్ల ఉన్నాయి.

శిక్ష సంగతి. మామూలు ఉల్లంఘనకు మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. చచ్చింది మొదటి షెడ్యూల్ జంతువైనా, వేట అభయారణ్యంలో జరిగినా మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు, 25 వేలకు తగ్గని జరిమానా. ఈ రెండో రకం కేసుల్లో డబ్బు కట్టి రాజీ చేసుకునే వీలు లేదు, బెయిలు నిబంధనలు కూడా కఠినం. సొర్లగొంది మడల్లో కుక్కలతో నక్కను తరిమినవారికి ఈ రెండు షరతులూ ఒకేసారి వర్తిస్తాయి.

ఇక్కడ ఒక సామాజిక విషయం చెప్పుకోక తప్పదు. డెల్టా పొలాల్లో ఎలుకలు పట్టడం యానాదులకు తరతరాలుగా వచ్చిన పని. రైతులే పిలిచి పట్టించుకుంటారు. కుక్క వాసన పట్టి చూపిన బొరియ తవ్వితే ఎలుకకు బదులు ఉడుము బయటపడవచ్చు. ఆ క్షణంలో దాన్ని వదిలేస్తే ఏమీ లేదు, పట్టుకుంటే మొదటి షెడ్యూల్ నేరం. 2006 అటవీ హక్కుల చట్టం సంప్రదాయ హక్కులెన్నింటినో గుర్తించింది కానీ వేట హక్కును మాత్రం పేరుపెట్టి మినహాయించింది. అందుకని ఆచారం అన్న వాదన కోర్టులో నిలవదు. అభయారణ్యంలో తాబేలు గుడ్లను వెతికి సంరక్షణ కేంద్రాలకు చేర్చే పనిలో ముందున్నదీ యానాదులే. జంతువుల జాడ తెలిసినవాళ్ల మీదే చట్టం బరువు మొదట పడడం, వాళ్ల చేతనే రక్షణ పని చేయించుకోవడం, రెండూ ఒకే తీరంలో జరుగుతున్నాయి.

అసలు చిక్కు ఎవరూ ఉసిగొల్పని సందర్భంలో ఉంది. చెరువు గట్టు మీద పడుకున్న కుక్క అర్ధరాత్రి లేచి బావురుపిల్లి పిల్లను కొరికి చంపింది. యజమాని ఊళ్లో ఇంట్లో నిద్రలో ఉన్నాడు. వేటాడింది ఎవరు? నేరచట్టం మనిషి చేసిన పనినీ, అతని మనసులోని ఉద్దేశాన్నీ చూస్తుంది. ఒక శాసనం స్పష్టంగా వద్దంటే తప్ప, నేరానికి దురుద్దేశం ఉండితీరాలన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1965లో నాథూలాల్ కేసులో గట్టిగా చెప్పింది. కుక్కకు ఉద్దేశం అంటగట్టలేం, నిద్రపోతున్న యజమానికీ అంటగట్టలేం. కాబట్టి ఇలాంటి కేసులో తొమ్మిదో సెక్షన్ కింద శిక్ష పడడం చాలా కష్టం.

అయితే చేయకపోవడం కూడా కొన్నిసార్లు చేయడంతో సమానం. చట్టం విధించిన విధిని మానుకుంటే దాన్ని కూడా ‘చర్య’గానే లెక్కించాలని 1897 జనరల్ క్లాజుల చట్టం అంటుంది. మరి కుక్కను కట్టేసి ఉంచాలన్న విధి యజమానికి ఏ చట్టం విధించింది? మనుషుల ప్రాణానికి సంబంధించి అలాంటి విధి ఉంది. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం, తన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకు ప్రాణహాని, తీవ్రగాయం కలిగే అవకాశం ఉన్నప్పుడు తగిన జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల వరకు జైలు, లేదా అయిదు వేల వరకు జరిమానా, లేదా రెండూ. పాత శిక్షాస్మృతిలో ఇదే 289వ సెక్షన్, అప్పట్లో జరిమానా వెయ్యి రూపాయలకు మించేది కాదు. కానీ ఈ సెక్షన్ మనుషుల గురించే మాట్లాడుతుంది. కుక్క పిల్లవాణ్ణి కరిస్తే ఇది పనికొస్తుంది, నీటికుక్కను కరిస్తే పనికిరాదు.

సివిల్ దావా దారీ అంతే. మచ్చికైన జంతువుకు కరిచే గుణం ఉందని ముందే తెలిసి కూడా జాగ్రత్తపడని యజమాని నష్టపరిహారం ఇవ్వాలన్నది ఇంగ్లండు నుంచి మన కోర్టులకు వచ్చిన సూత్రం. పొరుగువాడి కోళ్లను కుక్క చంపితే కోళ్ల యజమాని ఈ సూత్రం పట్టుకుని దావా వేయగలడు. అడవిలో తిరిగే నక్కకు యజమాని ఎవరు? ఎవరి సొత్తూ కాని జంతువు చస్తే నష్టపోయామని కోర్టుకెక్కే మనిషే ఉండడు. ప్రమాదవశాత్తూ కోడి చస్తే పరిహారం వస్తుంది, బావురుపిల్లి చస్తే రాదు. విడ్డూరమే గానీ, చట్టం నడుస్తున్నది అలాగే.

అభయారణ్యం హద్దు దాటగానే పరిస్థితి మారుతుంది. అనుమతి లేకుండా లోపలికి అడుగుపెట్టడమే 27వ సెక్షన్ కింద ఉల్లంఘన. లోపల వన్యప్రాణులను వేధించడం కూడా నిషిద్ధం. ఆ సెక్షన్ అభయారణ్యంలో నివసించేవారి మీద ఇంకొన్ని విధులు పెట్టింది. నేరం జరగకుండా ఆపాలి, జరిగితే నేరస్థుణ్ణి పట్టుకోవడంలో సాయపడాలి, ఏ వన్యప్రాణి చచ్చినా తెలియజేయాలి, అధికారులు వచ్చేదాకా కళేబరానికి కాపలా ఉండాలి. పడవలో కుక్కను ఎక్కించుకుని దిబ్బల మీద దించేవాడు, అది తాబేలు గుడ్లు తవ్వుతుంటే చూస్తూ ఊరుకునేవాడు ‘నాకు ఉద్దేశం లేదు’ అనడం తేలిక కాదు. నిషిద్ధ ప్రాంతానికి తెలిసి తెచ్చిన జంతువు సహజంగా ఏం చేస్తుందో తెలిసే వదిలాడని వాదించవచ్చు. ఉద్దేశానికీ అజాగ్రత్తకీ మధ్య గీత ఇక్కడ చాలా సన్నబడుతుంది.

రాత్రి పెట్రోలింగులో దొరికిపోయేవారి సంగతి ఒకటైతే, ఎవరూ చూడకుండా జరిగేది అసలు పెద్ద భాగం. అలాంటి సందర్భాల్లో యజమానిని చట్టం పట్టుకునేది చంపిన క్షణం దగ్గర కాదు, ఆ తర్వాత జరిగినదాని దగ్గర. ఈ విషయం చాలామందికి తెలియక చేజేతులా కేసు కొనితెచ్చుకుంటారు. 39వ సెక్షన్ ప్రకారం అక్రమంగా వేటాడిన జంతువే కాదు, చచ్చి దొరికిన వన్యప్రాణి, పొరపాటున చచ్చిన వన్యప్రాణి కూడా ప్రభుత్వ ఆస్తే. అలాంటిది ఎవరి చేతికైనా వస్తే 48 గంటల్లోపు దగ్గర్లోని పోలీసు స్టేషనుకో, అధీకృత అటవీ అధికారికో తెలియజేయాలి. అనుమతి లేకుండా దాన్ని దాచుకోకూడదు, ఇచ్చేయకూడదు, నాశనం చేయకూడదు. తెల్లవారాక గట్టు మీద కుక్క కొరికిన నీటికుక్క కనబడితే, ఎవరికంటా పడకముందే గొయ్యి తీసి పూడ్చేయాలన్న ఆలోచన మనిషికి సహజంగానే వస్తుంది. కుక్క చేసిన పనికి నేరం లేకపోయినా, ఆ గొయ్యి తవ్వడంతో మాత్రం ఉల్లంఘన మొదలవుతుంది. కళేబరం నుంచి తోలు తీసినా, మాంసం కూరకు పోయినా ఇక చెప్పక్కర్లేదు. వన్యప్రాణి మాంసమో అవశేషమో దగ్గర దొరికితే, కాదని రుజువయ్యేదాకా అది అక్రమంగా ఉంచుకున్నదేనని 57వ సెక్షన్ అనుకుంటుంది. రుజువు బరువు తలకిందులై నిందితుడి మీద పడుతుంది. కుక్క నోట కరుచుకొచ్చిన ఉడుమును వండుకున్న కుటుంబం ‘మేం పట్టలేదు, కుక్క తెచ్చింది’ అంటే అది నిజమైనా చాలదు. ఫోనులో తీసుకున్న ఫొటో గొప్పకు పోయి పంచుకుంటే, కేసుకు కావలసిన సాక్ష్యం వాళ్లే ఇచ్చినట్టు.

పాము కథ వేరు. డెల్టా ఇళ్లలో వానాకాలం కుక్కకూ పాముకూ పోట్లాట మామూలే. పిల్లల మంచం కిందికి పోతున్న నాగుపామును కుక్క చంపిందన్న వార్త పత్రికల్లో వస్తే అందరూ కుక్కను మెచ్చుకుంటారు. తనను గానీ మరొక మనిషిని గానీ కాపాడుకోవడానికి సదుద్దేశంతో వన్యప్రాణిని చంపడం నేరం కాదని 11వ సెక్షన్ చెబుతుంది. యజమానే కర్ర తీసుకుని చంపినా ఈ రక్షణ ఉంటుంది. అది మనిషి ప్రాణానికే గానీ ఆస్తికి కాదు. కోళ్ల గూట్లో దూరిన అడవిపిల్లి మీదికి, చేపలు తింటున్న నీటికుక్క మీదికి కుక్కలను వదిలితే ఆత్మరక్షణ వాదన పనికిరాదు. చెరువుల వాళ్లకు ఇది మింగుడుపడని సంగతి. పెట్టుబడంతా నీళ్లలో ఉన్నవాడికి రోజుకు రెండు కిలోల చేప పోవడం నష్టమే. ఆ నష్టానికి చట్టం చూపే దారి కంచె, వల, దీపం, కాపలా వరకే.

ఇంతకీ యజమాని అంటే ఎవరు? చెరువు ఒకరిది, కౌలు ఇంకొకరిది, కాపలా మనిషి మూడోవాడు, కుక్క ఎక్కణ్నుంచో వచ్చి గట్టు మీద స్థిరపడింది. దానికి పేరుంది, పట్టీ లేదు. 1960 జంతుహింస నివారణ చట్టం యజమాని అన్న మాటను చాలా విశాలంగా చూసింది. అప్పటికి ఆ జంతువు ఎవరి స్వాధీనంలో, సంరక్షణలో ఉంటే ఆ మనిషి కూడా యజమానే, అసలు యజమాని ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా. ఆ నిర్వచనం ఆ చట్టం వరకే అయినా, బాధ్యత తేల్చేటప్పుడు కోర్టులు వెతికేది ఇలాంటి వాస్తవ సంబంధాన్నే: ఎవరు తిండి పెడుతున్నారు, ఎవరు పిలిస్తే వస్తుంది, ఎవరి పాక దగ్గర పడుకుంటుంది. 2023 జంతు సంతాన నియంత్రణ నియమాలు కూడా ఒక గీత గీశాయి. పెంపుడు కుక్క టీకాలు, సంతాన నియంత్రణ పూచీ యజమానిది; వీధికుక్కలది స్థానిక సంస్థది. గట్టు మీది కుక్క ఏ వైపు వస్తుందో రెండు వైపుల వాళ్లూ ఎదుటివారి మీదికి నెట్టడానికి వీలున్న ప్రశ్న.

కుక్క పళ్లతో చంపడమే కాదు, జబ్బుతోనూ చంపుతుంది. రేబిస్, డిస్టెంపర్ లాంటివి కుక్కల నుంచి నక్కలకు, అడవి పిల్లి జాతులకు పాకగలవు. 2018లో గుజరాత్ గిర్ అడవిలో ఇరవైకి పైగా సింహాలు చచ్చినప్పుడు డిస్టెంపర్ వైరస్ బయటపడింది. వన్యప్రాణి చట్టం 33ఎ సెక్షన్ అభయారణ్యానికి అయిదు కిలోమీటర్లలోపు ఉన్న పశువులకు టీకాలు వేయాలంటుంది. ఆ చట్టం ‘పశువులు’ అని చెప్పిన జాబితాలో గేదెలు, ఆవులు, మేకలు, గొర్రెలు, పందులు, చివరికి ఒంటెలు, జడలబర్రెలు కూడా ఉన్నాయి. కుక్క పేరు లేదు, పిల్లి పేరు లేదు. దివిసీమలో ఎవరూ చూడని ఒంటెకు చోటిచ్చిన చట్టం ప్రతి గట్టు మీదా ఉన్న కుక్కను వదిలేసింది.

యజమాని నిర్లక్ష్యం అనే ఈ ఖాళీని కొన్ని దేశాలు సూటిగా పూడ్చాయి. అన్నిటికంటే కఠినం న్యూజిలాండ్. అక్కడ నేల మీద తిరిగే, ఎగరలేని పక్షులు ఎక్కువ. 1987లో వైతంగి అడవిలో ఒకే ఒక్క జర్మన్ షెపర్డ్ కుక్క కొన్ని వారాలపాటు తిరిగి కివీలను వరసగా చంపింది. చనిపోయినవి అయిదు వందల దాకా ఉంటాయని అధ్యయనం చేసిన శాస్త్రవేత్త అంచనా కట్టాడు. ఆ దేశంలో 1996 నాటి కుక్కల నియంత్రణ చట్టం కింద కుక్క రక్షిత వన్యప్రాణిని చంపితే యజమానికి మూడేళ్ల వరకు జైలు, లేదా 20 వేల డాలర్ల వరకు జరిమానా, లేదా రెండూ. యజమాని ఉసిగొల్పాడని రుజువు చేయనక్కర్లేదు, కుక్క అతనిదైతే చాలు. ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో 2018లో కుక్కలు చిన్న పెంగ్విన్లను గుంపులుగా చంపాక యజమానుల మీద జరిమానా పెంచుతూ చట్టం సవరించారు. కాన్‌బెర్రా ప్రాంతంలో 2022 జులై 1 తర్వాత పుట్టిన పిల్లులను ఇంటి ఆవరణ దాటనివ్వకూడదు. ఇంగ్లండు, వేల్స్ 2004 వేట చట్టంతో వన్య క్షీరదాలను కుక్కలతో వేటాడడాన్ని నిషేధించాయి. తన కుక్కను ఆ పనికి వాడుతున్నారని తెలిసీ అనుమతించిన యజమాని కూడా నేరస్థుడే. ఇంగ్లండు పద్ధతి మన 52వ సెక్షన్‌కు దగ్గర. న్యూజిలాండ్ పద్ధతికి మన చట్టంలో పోలిక లేదు.

అలాంటి నిబంధన ఇక్కడ తెస్తే బాగుంటుందని అనిపించడం సహజం. అయితే ఒక చిక్కు. కుక్కల నమోదు, మెడపట్టీ, చిప్ అన్నీ ఉన్న దేశంలో యజమానిని వెతకడం సాధ్యమవుతుంది. గట్టు మీది కుక్కకు లైసెన్సు అడిగితే మొదట కుక్క మాయమవుతుంది, ఆ తర్వాత యజమాని మాయమవుతాడు. నమోదు లేకుండా శిక్ష పెంచితే, కుక్కలను ఊరి బయట వదిలేయడం పెరుగుతుంది. వదిలేసిన కుక్క తీరాన్ని పట్టుకుని గుంపుగా తిరిగితే తాబేలు గుడ్లకు అదే ఇంకా పెద్ద ప్రమాదం. ఆకలికీ దాహానికీ గురయ్యేలా జంతువును వదిలేయడం 1960 చట్టం కింద నేరమే, కానీ మొదటిసారికి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. ఇవాళ ఒక టీ, రెండు ఇడ్లీలకు సరిపోయే మొత్తం. మరోవైపు కుక్కను రాత్రింబవళ్లు గొలుసుకు కట్టేసి, కాస్త తిప్పకపోవడం కూడా అదే చట్టం కింద నేరం. అంటే యజమాని కట్టేసి మరచిపోకూడదు, విప్పేసి మరచిపోకూడదు.

నడుమ మిగిలే పని చిన్నదే. పొద్దుగూకాక, తెల్లవారకముందు కుక్కను కట్టి ఉంచడం, అభయారణ్యం వైపు వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లకపోవడం, తాబేళ్ల కాలంలో తీరం మీదికి పగ్గం లేకుండా తేకపోవడం, వెంటపడే అలవాటున్న కుక్క మూతికి చిక్కం వేయడం, రేబిస్, డిస్టెంపర్ టీకాలు వేయించడం, పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించడం. ఇవి చేసిన యజమాని చేతుల్లోంచి కుక్క తప్పించుకుని నక్కను చంపినా, అజాగ్రత్త అనడానికి ఎవరికీ వీలుండదు. అలవాటు తెలిసీ ఏమీ చేయని యజమాని రెండోసారి అదే జరిగితే ‘నాకు తెలియదు’ అనలేడు.

సంఘటన జరిగిపోయాక ఏం చేయాలన్నది చట్టంలో ఉన్నంత స్పష్టంగా జనంలో లేదు. జంతువు బతికి ఉంటే కుక్కను లాగి కట్టేయాలి, గాయపడ్డ జంతువును ఎత్తి ఇంటికి తీసుకెళ్లకూడదు. పట్టుకోవడం కూడా వేట నిర్వచనంలో ఉన్నదే. దివిసీమలోనైతే అవనిగడ్డ అటవీ రేంజి కార్యాలయానికి, ఎక్కడైనా దగ్గర్లోని పోలీసు స్టేషనుకు చెప్పాలి. కళేబరాన్ని కదిలించకూడదు. కరిచిన గాట్లు, అడుగుజాడలు, ఈడ్చిన గుర్తు చూస్తే వేట ఉద్దేశం ఉందా లేదా అన్నది తరచూ అక్కడే తేలిపోతుంది. ఉచ్చులో చిక్కి చచ్చిన జంతువుకూ, కుక్క కొరికి చచ్చిన జంతువుకూ గాయాలు వేరు. నిజం చెప్పే యజమానికి ఆ గాయాలే సాక్ష్యం.

కేసు పెట్టే అధికారం ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడికీ, ప్రభుత్వం అధికారమిచ్చిన అధికారులకూ ఉంటుంది. వాళ్లు కదలకపోతే మామూలు పౌరుడు కూడా నేరుగా కోర్టుకు వెళ్లవచ్చు. జరిగినదేమిటో చెప్పి, ఫిర్యాదు చేయబోతున్నానని నిర్ణీత పద్ధతిలో అరవై రోజులకు తగ్గకుండా ముందు నోటీసు ఇవ్వాలని 55వ సెక్షన్ షరతు పెట్టింది.